పద్నాలుగో రోజు

(శ్రీకాకుళంలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో, పట్టణంలోని ఒక ప్రైవేటు క్లినిక్కులో 31 ఏళ్ళు కాంపౌండరుగా పనిచేసిన పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బల్లల మీదున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కింద కూర్చున్న మాస్టారూ, మీకు? సరే. వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు. 31 ఏళ్ళు "నంబరు పదిహేడు, పదిహేడు ఎవరండీ" అని అరిచిన గొంతు ఇది. ఇంకాస్త పెంచగలను.

మీరంతా పింఛను తీసుకునేవాళ్ళు. నాకు పింఛను లేదు. ప్రైవేటు క్లినిక్కులో కాంపౌండరుకి పింఛనెవరిస్తారు? అయినా పిలిచారు, సంతోషం. మీ కార్యదర్శి గారు ఫోన్ చేసి, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాదు బాబూ అన్నాను. "తెలుసండీ, డాక్టరు గారి అపాయింటుమెంటు దొరకలేదు, అందుకే మీకు చేశాను" అన్నారు. నవ్వుతున్నారు గానీ, సరిగ్గా అదే మాట అన్నారాయన. నేనూ ఆ మాట గురించే మాట్లాడతాను.

1991లో చేరాను. 2022లో మానేశాను. ఆ క్లినిక్కు పేరు చెప్పను, డాక్టరు గారి పేరూ చెప్పను. మీలో కొందరికి తెలుసు. తెలిస్తే ఊరుకోండి. నా కుర్చీ డాక్టరు గారి గది తలుపు పక్కన ఉండేది. ఎదురుగా మూడు బల్లలు. గదిలో ఏం జరిగేదో నాకు పూర్తిగా తెలీదు. బల్లల మీద ఏం జరిగేదో మాత్రం డాక్టరు గారి కంటే నాకే ఎక్కువ తెలుసు.

మొదట లెక్క చెప్తాను. మీలో లెక్కల మాస్టార్లున్నారు, తప్పుంటే దిద్దండి. పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఓపీ. నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు. నేను రాసే చీటీలు 80. మనిషికి ఎంతొచ్చింది? మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనే మామ్మ తలుపు తోసుకుని లోపలికెళ్ళాలి, స్టూలు మీద కూర్చోవాలి, ఊపిరి తీసుకోవాలి, ప్లాస్టిక్ సంచి ముడి విప్పాలి, పాత చీటీలు తియ్యాలి, అందులో కరెంటు బిల్లు వస్తే మళ్ళీ లోపల పెట్టాలి. అప్పటికే రెండు నిమిషాలు అయిపోయాయి. మిగిలిన నిమిషంలో రోగం చెప్పాలి.

ఇది మన ఊరి సంగతే అనుకునేవాణ్ణి. 2017లో కొందరు పరిశోధకులు 67 దేశాల లెక్కలు పోగేశారు, డాక్టరు ఒక్కో రోగితో ఎంతసేపు గడుపుతాడో చూడ్డానికి. స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశానికి రెండు నిమిషాల చిల్లర. ఇది మా మేనల్లుడు ఫోన్లో చూపిస్తే చదివాను. చదివి, మా డాక్టరు గారు నయమే, ఇంకో అర నిమిషం ఎక్కువే ఇచ్చారు అనుకున్నాను. ఏం చేస్తాం మరి, అలాగే అనుకోవాలి.

ఇక ఆ చీటీ దొరకడం. పాతరోజుల్లో తెల్లారగట్ల వచ్చి గేటు ముందు చెప్పులు వరసలో పెట్టి, టీకొట్టు దగ్గర కూర్చునేవారు. చెప్పులు లేనివాళ్ళు రాయి పెట్టేవారు. సంచి పెట్టేవారు. ఒకసారి ఎవరో ఖాళీ నీళ్ళ సీసా పెడితే ఊడ్చే ఆవిడ తీసి పారేసింది, దాని మీద పెద్ద గొడవ! ఆ సీసా నాలుగో నంబరట. చెప్పులకి గౌరవముండేది సార్, మనిషి లేకపోయినా చెప్పులు జరిపేవారు కాదు.

కరోనా వచ్చాక అది పోయింది. ఫోన్ బుకింగు పెట్టారు. పొద్దున్న ఏడింటికి లైను తెరుస్తాం. పది నిమిషాల్లో మొత్తం అయిపోయేవి. ఎవరికి దొరికేవి? వేళ్ళు చురుగ్గా ఆడేవాళ్ళకి. ఒకేసారి రెండు ఫోన్లతో కొట్టేవాళ్ళకి. బటన్ ఫోను పట్టుకుని, కళ్ళద్దాలు వెతుక్కుని, అంకెలు ఒక్కొక్కటే నొక్కే తాతకి ఏడూ పదకొండుకి లైను కలిసేది. "అయిపోయాయి తాతా, రేపు చెయ్యి" అనేవాణ్ణి. రేపూ ఏడూ పదకొండే.

సర్కారు ఆసుపత్రిలో ఇప్పుడు ఓపీకి ఇంకో పద్ధతి వచ్చింది కదా. గోడ మీద గళ్ళ బొమ్మ ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే టోకెను వస్తుంది. మంచి పద్ధతే, కుర్రాళ్ళకి వరసలో నిలబడే పని తప్పింది. కాకపోతే దానికి ఆరోగ్య ఖాతా నంబరుండాలి, అది తెరవాలంటే ఆధార్‌కి తగిలించిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. మా వీధిలో ఒక మామ్మకి నేనే చేయించబోయాను. ఆవిడ ఆధార్‌కి ఉన్నది కొడుకు నంబరు. మామ్మ ఇక్కడ వరసలో నిలబడి ఉంది, ఓటీపీ హైదరాబాద్‌లో మోగింది. అతను సెంట్రింగు పనిలో, పైన స్లాబు మీద ఉన్నాడు. ఫోన్ కింద చొక్కా జేబులో ఉంది. ఇంక ఏం చెప్పమంటారు!

మా డాక్టరు గారు ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు చెప్పారు. అంటే ఎప్పుడో పండగ రోజు అయ్యుంటుంది. వేల్సులో, బొగ్గు గనుల పల్లెలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లో ఒక సూత్రం రాశాడట. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ దొరుకుతుంది అని. నాకది వినగానే ఏడూ పదకొండు గుర్తొచ్చింది.

ఇదంతా ఒక సగం. ఈ సగం మీద తిట్టుకోవడం మనందరికీ వచ్చు. డాక్టర్లు తక్కువ, పెద్ద జబ్బంటే విశాఖపట్నం పరిగెత్తాలి, వంద కిలోమీటర్ల పైచిలుకు. ఇచ్ఛాపురం వాళ్ళకయితే దానికి రెట్టింపు దాటుతుంది. విశాఖ నుంచి ఆదివారాలు వచ్చి చూసే గుండె డాక్టరు కోసం శనివారం రాత్రే బస్సెక్కేవాళ్ళున్నారు. కాలం మారలేదని అనను. 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. 2024 అక్టోబరులో కేంద్రం 70 దాటినవాళ్ళకి, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల కార్డు పెట్టింది. మీలో కొందరి జేబుల్లో ఉంది కూడా. కానీ ఆ కార్డు దేనికి? ఆసుపత్రిలో పడుకుంటే. పడుకోకుండా, స్టూలు మీద కూర్చుని, నాకు ఇలాగుంది బాబూ అని చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు.

రెండో సగం చెప్తాను. ఇది చెప్పడానికే వచ్చాను.

మా క్లినిక్కులో ఒక నియమం. మీ అందరికీ తెలిసిందే, చాలా చోట్ల ఉంది. ఒకసారి ఫీజు కడితే పదిహేను రోజుల లోపు రెండోసారి చూపించుకోవడం ఉచితం. పదహారో రోజు వస్తే మళ్ళీ ఫీజు. నేను చీటీ మీద తేదీ చూసి చెప్పాలి. అలా చూడగా చూడగా, నాలుగైదేళ్ళకి ఒక సంగతి తట్టింది. కొంతమంది సరిగ్గా పద్నాలుగో రోజున వస్తారు. జ్వరం వచ్చినవాడు తగ్గితే రాడు, తగ్గకపోతే మూడో రోజే వస్తాడు. పద్నాలుగో రోజున ఎవరొస్తారు? క్యాలెండరు మీద గీతలు పెట్టుకున్నవాళ్ళు.

"ఏటి మామ్మా, ఏటయ్యింది?" అంటే, "ఏటీ లేదు బావూ, ఒకపాలి సూపించుకుందారని వచ్చాను" అనేది. లోపలికెళ్తే అన్నీ చెప్పేది. నిద్దర పట్టదు, అన్నం సయించదు, గుండిలో గాబరా, కాళ్ళు లాగేస్తన్నాయి. డాక్టరు గారు బీపీ చూసి, "అన్నీ బాగున్నాయి మామ్మా, అవే మందులు వాడు" అనేవారు. బయటికొచ్చాక వెళ్ళిపోవాలి కదా? వెళ్ళేది కాదు. బల్ల మీద కూర్చునేది. పక్కనున్న అమ్మాయిని ఏ ఊరు, ఎవరి కోడలివి, ఎన్నో నెల అని అడిగేది. మధ్యాహ్నం రెండింటికి నేను తలుపులు మూస్తుంటే లేచేది.

మేమేం చేసేవాళ్ళమో దాచను. నవ్వుకునేవాళ్ళం. నేనూ, మందుల షాపు కుర్రాడూ, ల్యాబు అమ్మాయీ, ముగ్గురం. వాళ్ళకి "సీజన్ టికెట్లు" అని పేరు పెట్టాం. నేనే పెట్టాను, కుర్రాడి మీద తొయ్యడమెందుకు.

ఒక రోజు గొడవైంది. ఆమదాలవలస వైపు నుంచి ఒకతను, మేస్త్రీ పని, రోజు కూలి వదులుకుని పాపని తీసుకొచ్చాడు. పాపకి మూడు రోజులుగా జ్వరం. అతని నంబరు 52. ముందు ఈ మామ్మ 31. లోపలికెళ్ళి ఎంతకీ రాలేదు. వచ్చాక అతనికి తిక్క రేగింది. "నీకు రోగమేటీ లేదు కదా మామ్మా, మా నంబర్లు ఎందుకు తినేస్తావు?" అన్నాడు. అందరి ముందూ. తప్పా? ఒళ్ళో పాప కాలిపోతోంది. అతని కోపం తప్పని నేను అనలేను. మామ్మ ఒక్క క్షణం ఆగి, "రోగం లేకపోతే రాకూడదేటి నాయనా?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అతన్ని వరస తప్పించి లోపలికి పంపాను, అంతే. ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇప్పటికీ తెలీదు. రోగం లేకపోతే డాక్టరు దగ్గరికి రాకూడదు, నిజమే. మరి ఎక్కడికి వెళ్ళాలి? చెప్పండి. మన ఊళ్ళో డెబ్బై అయిదేళ్ళ మనిషి, రోగం లేకుండా, పొద్దున్న పదింటికి వెళ్తే, పేరు రాసుకుని, నంబరిచ్చి, ఆ నంబరు రాగానే పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, "ఏమైందమ్మా" అని అడిగే చోటు ఇంకోటుందా? గుడి ఉంది. గుళ్ళో దేవుడు అడగడు, మనమే చెప్పుకోవాలి.

ఫోన్లున్నాయి కదా, పిల్లలు రోజూ చేస్తున్నారు కదా అంటారు. చేస్తున్నారు, కాదనను. మా అబ్బాయీ చేస్తాడు. మన పిల్లలు ఫోన్లో ఏం అడుగుతారు? "మందులేసుకున్నావా?" ఆ మాట మందుల షాపువాడూ అడుగుతాడు. తర్వాత, "ఒంట్లో ఎలాగుంది?" బాగుంది అంటే, "సరే మరి, ఉంటాను." మోకాలు లాగుతోంది అంటే? "ఎప్పట్నుంచి? ఏ కాలు? డాక్టరుకి చూపించావా? నూనె రాశావా?" ఇంకో రెండు నిమిషాలు మాట్లాడతాడు. మీరే చెప్పండి, ఆ తల్లి ఏం నేర్చుకుంటుంది? మోకాలు లాగితే మాట పొడిగిస్తారని నేర్చుకుంటుంది. అబద్ధం ఆడుతోందని నేననను. డెబ్బై దాటాక మోకాలు ఎటూ లాగుతుంది. దాన్ని మొదట చెప్పాలా, ఆఖర్న చెప్పాలా అన్నదే తేడా.

అదిగో, ఆవిడ పక్కకి చూసి నవ్వుతున్నారు. మీరూ చేశారన్నమాట. నేనూ చేశాను లెండి.

మన భాషలో ఒక మాట ఉంది. బెంగ. గిడుగు రామమూర్తి గారు పుట్టిన గడ్డ మనది, పర్వతాలపేట ఎంత దూరం? జనం నోట్లో ఉన్న భాషకి పుస్తకంలో చోటుండాలని పోరాడాడు ఆయన. ఓపీ చీటీలో మాత్రం ఇంకా చోటు దొరకలేదు! అమ్మమ్మ ఊరెళ్ళిపోతే పసిగుంటకి ఒళ్ళు వెచ్చబడుతుంది. మనం ఏమంటాం? "బెంగ పెట్టుకుంది" అంటాం. రక్త పరీక్షకి పరిగెత్తం. అమ్మమ్మని పిలిపిస్తాం, లేకపోతే ఎత్తుకుని తిప్పుతాం. రెండో రోజుకి ఆడుకుంటుంది. ఆ బెంగే అమ్మమ్మకి వస్తే? "వేషాలు" అంటాం. "ముసలితనం చాదస్తం" అంటాం. పసిపిల్లకి ఉన్న రోగం అదే ఇంట్లో ముసలావిడకి ఎందుకు లేదు? పెద్దవాళ్ళకి మనాది పట్టుకుందని మా అమ్మ అనేది. ఆ మాట ఇప్పుడు వినబడటం లేదు. దాని బదులు గ్యాస్ అంటున్నాం, నరాల బలహీనత అంటున్నాం, దానికో మాత్ర వేస్తున్నాం.

బెంగ ఒంట్లోకి ఎలా దిగుతుందో నాకు పుస్తకాల్లో తెలీదు, బల్ల మీద తెలుసు. ఒక్కదానికి వండుకోవడమెందుకని రాత్రి గంజిలో ఊరగాయ నంజుకుంటుంది. ఊరగాయ అంటే ఉప్పు. బీపీ పెరుగుతుంది. పొద్దున్న మాత్ర వేసుకున్నానో లేదో అడిగేవాళ్ళు లేరు, గుర్తు లేక రెండోది వేసుకుంటుంది. కళ్ళు తిరుగుతాయి. లేదా ఉన్నవి అయిపోతాయి, తెచ్చేవాళ్ళు లేరు, నాలుగు రోజులు మానేస్తుంది. పగలు పని లేక కునుకు తీస్తుంది, రాత్రి నిద్ర పట్టదు, నిద్రమాత్ర అడుగుతుంది. ఇవన్నీ డాక్టరు గారి చీటీలో నాలుగు జబ్బులు. మా వీధిలో చూస్తే ఒకటే.

మన జిల్లాలో ఇది ఎక్కువ ఎందుకంటే, మన ఇళ్ళు అలా ఖాళీ అయ్యాయి. తాపీ పనికి చెన్నై, సెంట్రింగుకి హైదరాబాద్, చేపల వేటకి గుజరాత్‌లో వెరావల్, చదువుకున్నవాళ్ళు బెంగళూరు, ఇంకా చదువుకుంటే అమెరికా. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకి 1015 మంది ఆడవాళ్ళు. మగవాళ్ళు బయటికి పోవడం కూడా అందులో ఒక కారణం. సంక్రాంతికి ఇల్లు పట్టరు. కనుమ దాటాక మూడో రోజు మా క్లినిక్కు చూడాలి మీరు. బల్లలు చాలేవి కాదు. అరిసెలు తిని అజీర్తి అని రాసేవాళ్ళం. నాకిప్పుడు అది అజీర్తి అనిపించదు.

ఇంకో మాట, ఇది కొంచెం చేదు. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి, అదే డాక్టరు చదువు లేకుండా వైద్యం చేసే అతని దగ్గరికి, ఎందుకెళ్తారు జనం? చవక అని ఒకటి. అసలు సంగతి, అతను ఇంటికొస్తాడు. మంచం పట్టె మీద కూర్చుంటాడు. "ఏటప్పా, మీ వోడు ఫోన్ సేశాడా?" అంటాడు. డాక్టరు మూడు నిమిషాల్లో చెయ్యలేని పని అది. తర్వాత నొప్పి సూది వేస్తాడు. ఆ సూది, ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకి మంచివి కావు, కిడ్నీ అప్పటికే దెబ్బతిన్నవాళ్ళకి మరీ చేటు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈ హాల్లో ఉంటే మీకు నేను చెప్పాలా? కిడ్నీ జబ్బు ఎక్కువున్న మన ఉద్దానంలో ఇంటికొక క్రియాటినిన్ కాగితం, అదే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష కాగితం, ఉంటుంది. ఆర్.ఎం.పి.ని తిట్టినంత మాత్రాన అతని దగ్గరికెళ్ళడం ఆగదు. మంచం పట్టె మీద ఇంకెవరు కూర్చుంటారు?

మా బావమరిది డయాలిసిస్‌కి వెళ్తాడు. వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే. కష్టం, చాలా కష్టం. కానీ ఒకటి చూశాను. అదే రోజు, అదే వేళ, పక్క మంచం మీద అదే మనిషి. వాళ్ళిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలుసు. ఒకాయన రాకపోతే రెండో ఆయన కంగారుపడి ఫోన్ చేస్తాడు. మా బావమరిది పిల్లలకి తెలీని విషయాలు ఆయనకి తెలుసు. ఇదేం మెచ్చుకోవలసిన ఏర్పాటు కాదు, రోగం వస్తేనే స్నేహితుడు దొరకడమేంటి. అయినా చూశాను గనక చెప్తున్నాను.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇక్కడిదాకా వచ్చి అది చెప్పకపోతే బాగోదు.

సీజన్ టికెట్లలో ఒక తాత ఉండేవాడు. రైతు. భార్య పోయింది. కొడుకులు ఇద్దరూ బయటే. పద్నాలుగో రోజుకి బస్సులో వచ్చేవాడు, తప్పేవాడు కాదు. వచ్చినప్పుడల్లా నాకు ములక్కాడలు తెచ్చేవాడు, పెరట్లోవి. ఒక రోజు తొమ్మిదో రోజునే వచ్చాడు. ములక్కాడలు తేలేదు. చెమటలు. నేను చీటీ మీద తేదీ చూసి, "తాతా, ఇంకా అయిదు రోజులుంది కదా, తొందరపడ్డావేం?" అన్నాను. బల్ల మీద వాళ్ళంతా నవ్వారు. తాతా నవ్వాడు. "ఒంట్లో బాలేదు బావూ" అన్నాడు. నీకెప్పుడు బాగుంది తాతా అని ఆఖరి నంబరు రాశాను. 74.

31 ఏళ్ళు తేదీలు చూసినవాణ్ణి. పద్నాలుగో రోజు మనిషి తొమ్మిదో రోజు ఎందుకొచ్చాడని ఆలోచించొద్దా? నాకు తప్ప ఆ లెక్క ఎవరికి తెలుసు?

ఒంటి గంటకి బల్ల మీదే పక్కకి ఒరిగాడు. డాక్టరు గారు పరిగెత్తుకొచ్చి, లోపల పడుకోబెట్టి ఈసీజీ తీశారు. గుండెపోటు. తాతకి ఇరవై ఏళ్ళుగా షుగరు. షుగరున్నవాళ్ళకి, వయసు మీరినవాళ్ళకి గుండెపోటు వచ్చినా గుండెలో నొప్పి రాకపోవచ్చు, నీరసం, చెమట, ఆయాసం, అంతే ఉంటుందని ఆ రోజే డాక్టరు గారు నాకు చెప్పారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. 108లో విశాఖ పంపారు.

బతికాడు. మీరు అడగబోతున్నారని తెలుసు. నాలుగు నెలల తర్వాత వచ్చాడు, స్టెంటు వేయించుకుని, చిక్కిపోయి. బల్ల మీద కూర్చుని నన్ను పిలిచి, ఏదో తనే తప్పు చేసినట్టు, "ఆ రోజు నిజంగానే బాలేదు బావూ" అన్నాడు. ములక్కాడలు ఇచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళాను. ఎవరిచ్చారని మా ఆవిడ అడిగితే బజార్లో కొన్నానన్నాను.

ఆ రోజు నుంచి నేనేదో మారిపోయి మహానుభావుణ్ణయ్యానని అనుకోకండి. రద్దీ రద్దీయే, అరుపులు అరుపులే. ఒక్క పని మొదలుపెట్టాను. పద్నాలుగో రోజు వాళ్ళ దగ్గరికి, చీటీ రాయడానికి ముందు, బల్ల దగ్గరకి నేనే వెళ్ళి అయిదు నిమిషాలు కూర్చునేవాణ్ణి. పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది? ఏం తింటున్నావు? ఏ మాత్ర అయిపోయింది? ఒక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి చేతికిచ్చి లోపలికి పంపేవాణ్ణి. డాక్టరు గారికి అది నచ్చింది. మూడు నిమిషాల్లో సంచి విప్పే రెండు నిమిషాలు మిగిలాయి కదా. ఇంకోటి కూడా జరిగింది, అది నేను అనుకోలేదు. కొంతమంది నాతో మాట్లాడాక, "సర్లే బావూ, ఇయాల డాక్టరు బాబుకి జనం ఎక్కువున్నారు, నాను ఎల్తాను" అనేవారు. చీటీ లేకుండా, చూపించుకోకుండా. ఆ నంబరు ఇంకొకరికి వెళ్ళేది. ఏ జ్వరం పాపకో.

అందర్నీ అలా పంపేశానని కాదు. తొమ్మిదో రోజు వాళ్ళని అసలు పంపను.

మానేశాక ఇంటి దగ్గర ఊరికే ఉండలేకపోయాను. మా వీధి రామాలయం అరుగు మీద, గురువారం గురువారం, ముగ్గురం కూర్చుంటున్నాం. నేను, రిటైరైన నర్సమ్మ గారు ఒకరు, పోస్టుమాస్టరుగా చేసినాయన ఒకరు. ఆయనకి వైద్యం ఏమీ రాదు, కానీ ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరున్నారో తెలుసు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. బీపీ చూస్తాం, రాస్తాం. మందుల పట్టీలు చూసి పొద్దుటివి ఒక డబ్బాలో, రాత్రివి ఒక డబ్బాలో సర్దుతాం. మేం మందులు ఇవ్వం, మార్చం, ఆ జోలికి పోం. కొత్తగా ఏదైనా చెప్తే, ఒళ్ళు తూలుతోందని గానీ, కాళ్ళ వాపని గానీ, బరువు తగ్గానని గానీ, వెంటనే డాక్టరు దగ్గరికి కాగితం రాసి తోడు పంపుతాం. మిగతాసేపు కబుర్లే. మొదటి గురువారం నలుగురొచ్చారు. ఇప్పుడు అరుగు చాలడం లేదు, పక్కింటివాళ్ళు రెండు బల్లలు వేశారు. మళ్ళీ బల్లలే నా గతి!

అందరూ రారు. కొందరికి మేం పనికిరాం, డాక్టరు బాబు చెయ్యి పట్టుకుంటేనే వాళ్ళకి తృప్తి. వాళ్ళు పద్నాలుగో రోజున క్లినిక్కుకి వెళ్తూనే ఉన్నారు. వెళ్ళనివ్వండి. అసలు నడవలేని వాళ్ళున్నారు, వాళ్ళ ఇళ్ళకి మేం వెళ్ళలేకపోతున్నాం, ముగ్గురికీ మోకాళ్ళు అంతంతమాత్రం. ఎవరూ లేక, ఎవరితో చెప్పుకోవాలో తెలీనివాళ్ళుంటే 14567 అని పెద్దవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన నంబరుంది, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. డబ్బు పడదు. రాసుకోండి. ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. మళ్ళీ చెప్పనా? ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు.

మీరు ఇంతమంది ఉన్నారు. మాస్టార్లు, గుమస్తాలు, ఇద్దరు ముగ్గురు నర్సమ్మలు కూడా కనిపిస్తున్నారు. ప్రతి వీధిలోనూ ఏదో ఒక అరుగుంటుంది. మిమ్మల్ని నేను ఏదీ పెట్టమనను, సంఘాలూ రసీదు పుస్తకాలూ వద్దు. ఒకసారి మా అరుగుకి వచ్చి చూడండి, మీకు నచ్చితే మీ వీధిలో కూర్చోండి. మీలోనే ఎవరికైనా ఊసుపోకపోతే, చూపించుకోవడానికే రండి. రోగమేమీ లేకపోయినా రావచ్చు.

గురువారం పదింటికి. వచ్చేటప్పుడు ఎవరైనా పెన్సిల్ సెల్లులు నాలుగు తెస్తే పుణ్యముంటుంది. బీపీ మిషను పోయిన వారం మధ్యలో ఆగిపోయింది, ఇద్దరివి చూడలేకపోయాం. వాళ్ళు మళ్ళీ వస్తామన్నారు.